క్యాలుమెట్‌లో బండి ఆపండి: హోటన్ తెలుగు విద్యార్థులకు బహిరంగ లేఖ

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, హోటన్ ఊళ్లో ఉన్న మిషిగన్ టెక్ యూనివర్సిటీలో చదువుతున్న, వచ్చే సెమిస్టర్‌లో కొత్తగా చేరబోతున్న తెలుగు తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ,

మీరు పెట్టే ఫొటోలు చూస్తూనే ఉంటాను. ఆకులు ఎర్రబడగానే కాపర్ హార్బర్ దారి, బ్రాక్‌వే కొండ మీంచి కనిపించే సుపీరియర్ సరస్సు, జనవరిలో నడుమెత్తు మంచులో పంచె కట్టి దిగిన సెల్ఫీ. దిగండి, ఆ వయసు మళ్లీ రాదు. నా ఫిర్యాదు ఒక్కటే. లిఫ్ట్ బ్రిడ్జి దాటి యూఎస్ 41 మీద ఉత్తరానికి పోయే మీ బళ్లన్నీ పన్నెండు మైళ్లు పోయాక ఒక ఊరిని ఆనుకునే వెళ్తాయి. పెట్రోలు కోసం తప్ప మనవాళ్లు అక్కడ ఆగరు. ఆ ఊరు క్యాలుమెట్. ఒకప్పుడు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ రాగి తీసిన కంపెనీ పెంచి పోషించిన ఊరు. అక్కడ ఒక పూట ఆగమని అడగడానికే ఈ ఉత్తరం.

అడగడానికి నాకున్న హక్కేమిటంటే, నేను సింగరేణి క్వార్టర్లలో పెరిగినవాణ్ణి. బాయి సైరన్‌ను బట్టి అన్నం వండుకునే ఇల్లు మాది. కంపెనీ బడి, కంపెనీ దవాఖాన, కంపెనీ కరెంటు. హోటన్‌లో చదువుకునే రోజుల్లో క్యాలుమెట్ వీధుల్లో తిరుగుతుంటే ఏ ఇల్లు ఆఫీసరుదో, ఏ ఇల్లు కూలివాడిదో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది.

ముందు రాగి సంగతి. మామూలుగా రాగి గంధకంతోనో మరో మూలకంతోనో కలిసి ఖనిజంగా దొరుకుతుంది, దాన్ని కరిగించి శుద్ధి చేయాలి. హోటన్, క్యాలుమెట్ ఉన్న ఈ కీవినా ద్వీపకల్పంలో అలా కాదు, లోహం లోహంగానే రాతిలో ఉంది. యూరప్ మనిషి ఇక్కడ కాలు పెట్టడానికి వేల ఏళ్ల ముందే ఇక్కడి ఆదివాసులు గుంటలు తవ్వి, రాతి సుత్తులతో కొట్టి ఆ రాగి తీసుకున్నారు. 1841లో మిషిగన్ రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త డగ్లస్ హోటన్ ఇక్కడి రాగి గురించి నివేదిక ఇచ్చాడు. మీరుంటున్న ఊరి పేరు ఆయనదే. మరుసటి ఏడాదే లా పాయింట్ ఒప్పందంతో ఓజిబ్వే ప్రజల నుంచి ఈ భూమి ప్రభుత్వం చేతికి వచ్చింది. నివేదికకూ ఒప్పందానికీ మధ్య అంత తక్కువ ఎడం ఉండటం యాదృచ్ఛికమని నేననుకోను. హోటన్ మాత్రం ఆ రాగి వైభవం ఏదీ చూడలేదు. 1845లో తుపానులో పడవ తిరగబడి ఇదే సరస్సులో మునిగిపోయాడు. అప్పటికి ఆయన వయసు 36.

క్యాలుమెట్ కథ మొదలైంది 1864లో. ఎడ్విన్ హల్బర్ట్ అనే సర్వేయరు అక్కడ గులకరాళ్లు అతుక్కుని గట్టిపడిన రాతి పొరలో రాగి కనిపెట్టాడు. డబ్బు బోస్టన్ వాళ్లు పెట్టారు. హల్బర్ట్‌కు గని నడపడం చేతకాలేదు. దాన్ని గాడిలో పెట్టడానికి 1867లో బోస్టన్ నుంచి అలెగ్జాండర్ అగాసీని పంపారు. పెట్టుబడిదారుల్లో పెద్దవాడైన క్విన్సీ ఆడమ్స్ షా ఈయనకు బావ. 1871లో అక్కడి క్యాలుమెట్, హెక్లా గనుల కంపెనీలు ఒక్కటై క్యాలుమెట్ అండ్ హెక్లా అయ్యాయి. అప్పటి నుంచి 1910లో చనిపోయేదాకా అగాసీయే అధ్యక్షుడు. 1870ల్లో అమెరికా మొత్తంలో తీసిన రాగిలో సగానికి పైగా ఈ ఒక్క కంపెనీదే. విచిత్రమేమిటంటే అగాసీ మనసంతా సముద్రం మీదే ఉండేది. ఆయన పగడపు దిబ్బల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త. గని లాభాల్లోంచి తండ్రి స్థాపించిన హార్వర్డ్ మ్యూజియానికి ధారాళంగా ఇచ్చాడు. గని ఇక్కడ, సొమ్ము అక్కడ. ఈ మాట ఇక్కడ రాసి వదిలేస్తున్నాను, ఇంజినీరింగ్ విద్యార్థులకు అంతకంటే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఊరి సంగతి. మీరు అక్కడ నిలబడితే రెండు ఊళ్లు కనిపించాలి. ఒకటి అప్పట్లో రెడ్ జాకెట్ అని పిలిచిన గ్రామం. దుకాణాలు, సెలూన్లు, బ్యాంకులు, ఎర్రరాతి భవనాలు అన్నీ ఆ వీధుల్లోనే. దానికి క్యాలుమెట్ అనే పేరు పెట్టింది 1929లో. రెండోది దాన్ని చుట్టుకుని ఉన్న కంపెనీ జాగా. గనిలోకి దింపిన లోతైన బావులు, అంటే షాఫ్టులు, షెడ్లు, వరసగా కూలీల ఇళ్లు. గ్రామానికి ఎన్నికలున్నాయి, పాలకవర్గం ఉంది. 1900లో గ్రామం సొంతంగా ఒక థియేటర్ కట్టుకుంది, ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ సారా బెర్న్‌హార్ట్ నాటకం ఆడింది, బ్యాండు సంగీతానికి పేరుపడ్డ సూసా తన బ్యాండుతో వాయించాడు. ఏడాదిలో సగం రోజులు మంచులో కూరుకుపోయే మూలకు ప్యారిస్ నటి వచ్చిందంటే ఆ రోజుల్లో అక్కడ ఎంత డబ్బు తిరిగిందో ఊహించుకోండి.

గ్రామం గీత దాటి కంపెనీ జాగాలోకి అడుగు పెడితే మాత్రం అంతా కంపెనీదే. అద్దె తక్కువ. ఇల్లు పాడైతే కంపెనీ వడ్రంగి వచ్చి బాగు చేసేవాడు. నీళ్లు కంపెనీవి. ఆస్పత్రి ఉంది, డాక్టర్లు ఇంటికొచ్చేవాళ్లు. చర్చి కట్టుకుంటామంటే జాగా ఇచ్చేవాళ్లు, ఏ శాఖ అని అడిగేవాళ్లు కాదు. 1898లో రాతితో గ్రంథాలయం కట్టించారు, కూలీలు మాట్లాడే రకరకాల భాషల్లో పుస్తకాలు తెప్పించారు. 1911లో స్నానాల భవనం, అందులో ఈత కొలను. పిల్లలకు బడులు, చేతిపనుల శిక్షణ. అప్పటి అమెరికాలో కూలివాడికి ఇన్ని దొరికిన గని ఊళ్లు బహుశా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దీన్ని నేను వెటకారంగా రాయడం లేదు. కంపెనీ దవాఖాన లేకపోతే మా నాన్న బతికేవాడు కాదు.

అయితే ఆ ఇళ్ల కాగితాలు చదవాలి. కొందరికి కంపెనీ ఇల్లే అద్దెకిచ్చేది. ఇంకొందరికి జాగా లీజుకిచ్చి, ఇల్లు నువ్వే కట్టుకో అనేది. కలప నీది, మేకులు నీవి, చెమట నీది, కింద నేల కంపెనీది. ఉద్యోగం పోతే నేల మీద హక్కు పోతుంది. కట్టిన ఇల్లు ఎత్తుకుని ఎక్కడికి పోతావు? అందుకని నోరు మూసుకుని షిఫ్టుకు వెళ్లేవాళ్లు. హెచ్‌1బీ మీద ఉన్న మీ సీనియర్లను అడగండి, వాళ్లకు ఇది పాఠం చెప్పినట్టు అర్థమవుతుంది. ఇల్లు కొనుక్కోవచ్చు, పిల్లల్ని బడిలో వేయొచ్చు, ఇరవై ఏళ్లు పన్ను కట్టొచ్చు. ఉద్యోగం పోయిన రోజు నుంచి మహా అయితే అరవై రోజుల గడువు. కింద నేల ఎవరిదో ఆ రోజు గుర్తొస్తుంది.

గనిలో ఎవరు ఏ పని చేసేవాళ్లో కూడా చూడండి. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్లకు తరతరాలుగా గని పని తెలుసు, ఇంగ్లీషు సరేసరి. గనిలో పని చేయించే కెప్టెన్లు ఎక్కువగా వాళ్లే. రాయి తొలిచే డ్రిల్లు మీదకు ఎవరిని వేయాలో, ఎవరిని పక్కన పెట్టాలో వాళ్ల చేతిలో ఉండేది. తర్వాత వచ్చిన ఫిన్‌లాండ్, క్రొయేషియా, స్లొవేనియా, ఇటలీ వాళ్లకు ఎక్కువగా మిగిలింది ట్రామర్ పని. పేల్చిన రాయిని చేత్తో బండిలోకి ఎత్తి, రెండున్నర టన్నుల దాకా ఉండే ఆ బండిని షాఫ్టు దాకా నెట్టడం. సింగరేణిలో టబ్బులు నెట్టిన ముసలివాళ్ల మోకాళ్లు నేను చూశాను, ఆ పని మనిషిని ఏం చేస్తుందో నాకు వేరే చెప్పక్కర్లేదు. తన ఊరివాడు, తన చర్చివాడు అయితే మంచి చోటు, లేకపోతే బండి. మన రిఫరల్ వాట్సాప్ గ్రూపుల్లో ‘మనోళ్లేనా?’ అని ఒక ప్రశ్న వస్తుంటుంది కదా, దానికి వంద ఏళ్ల కిందటి తాతలు క్యాలుమెట్ షాఫ్టుల్లో ఉన్నారు.

లోతు పెరిగిన కొద్దీ కష్టం పెరిగింది. రెడ్ జాకెట్ షాఫ్టును నిట్టనిలువుగా దాదాపు 4,900 అడుగులు దింపారు. ఆ అడుగున బండరాయే వేడిగా ఉండేది. ఈలోగా మోంటానాలోని బ్యూట్, ఆపైన అరిజోనా గనులు పోటీకి వచ్చాయి. అక్కడ రాగి చవగ్గా వచ్చేది. ఇక్కడ ఖర్చు తగ్గించాలి. 1901 నుంచి జనరల్ మేనేజరుగా ఉన్న జేమ్స్ మెక్‌నాటన్ ఆ పని మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు ఇదే కంపెనీలో నీళ్లు మోసే పిల్లవాడిగా చేరి దొర అయినవాడు ఆయన. అలాంటివాళ్లు కింద ఉన్నవాళ్ల బాధ అర్థం చేసుకుంటారని మనం అనుకుంటాం. నా అనుభవంలో, క్యాలుమెట్ అనుభవంలో కూడా, అది తరచుగా తిరగబడుతుంది. ‘నేను ఎక్కలేదా, నువ్వెందుకు ఎక్కవు’ అంటారు.

1911 తర్వాత ఒంటి మనిషి నడిపే డ్రిల్లు వచ్చింది. అంతకుముందు డ్రిల్లు దగ్గర ఇద్దరుండేవాళ్లు. ఒకడికి ఏదైనా అయితే ఇంకొకడు అరిచి చెప్పేవాడు. ఆ కొండల్లోని గనులన్నిట్లో కలిపి వారానికి దాదాపు ఒక మనిషి చనిపోతున్న కాలమది. చీకట్లో పక్కన తోడు లేకుండా పని చేయడం అంటే ఏమిటో లెక్క వేసుకోండి. కూలీలు దానికి ‘ముండమోపులను చేసే యంత్రం’ అని పేరు పెట్టారు. కంపెనీ దృష్టిలో అది సగం జీతంతో పూర్తి పని.

1913 జులై 23న సమ్మె మొదలైంది. వెస్టర్న్ ఫెడరేషన్ ఆఫ్ మైనర్స్ యూనియన్ అడిగినవి పెద్దగా ఏమీ లేవు. ఎనిమిది గంటల పని, రోజుకు కనీసం 3 డాలర్లు, డ్రిల్లుకు ఇద్దరు మనుషులు, యూనియన్‌తో కూర్చుని మాట్లాడటం. చివరిదే కంపెనీకి అసలు గొంతులో పడింది. ఈత కొలను ఇవ్వడానికి వెనకాడని కంపెనీ, ఎదురుగా కుర్చీ ఇవ్వడానికి ఒప్పుకోలేదు. తానిచ్చేది దయ, వాళ్లడిగేది హక్కు. ఈ తేడా సమ్మె దాకా ఎవరికీ పూర్తిగా కనపడలేదని నా అభిప్రాయం.

గవర్నర్ ఫెరిస్ సైన్యాన్ని పంపాడు. న్యూయార్క్ నుంచి కిరాయి మనుషులు దిగారు. ఆగస్టు 14న పెయిన్స్‌డేల్ దగ్గర సీబర్‌విల్‌లో క్రొయేషియా కూలీలుండే ఇంటి మీద కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. ఊళ్లో ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చారు. ఆనీ క్లెమెన్స్ అనే స్లొవేనియా కుటుంబపు ఆడమనిషి, ఆరడుగుల పైన ఎత్తు, రోజూ తెల్లవారుజామున ఊరేగింపు ముందు పెద్ద అమెరికా జెండా పట్టుకుని నడిచేది.

డిసెంబరు 24. సమ్మెలో ఉన్నవాళ్ల పిల్లలకు క్రిస్మస్ పండగ చేయాలని ఆడవాళ్ల సంఘం ఇటాలియన్ హాలులో కార్యక్రమం పెట్టింది. పై అంతస్తు కిక్కిరిసిపోయింది. పిల్లలకు మిఠాయిలు పంచుతున్నారు. ఎవరో ‘అగ్గి’ అని అరిచారు. అగ్గి లేదు, ఏమీ లేదు. అందరూ ఒక్కసారిగా మెట్ల మీదకు పరుగెత్తారు. ముందువాళ్లు పడ్డారు, వెనకవాళ్లు వాళ్ల మీద పడ్డారు, మెట్ల దారి మనుషులతో పూడుకుపోయింది. 73 మంది ఊపిరాడక చనిపోయారు. అందులో 59 మంది పిల్లలు.

ఎవరు అరిచారో ఈనాటికీ తేలలేదు. కంపెనీ వైపున్న సిటిజన్స్ అలయన్స్ బిళ్ల పెట్టుకున్న మనిషే అని కొందరు సాక్షులు చెప్పారు, విచారణలో రుజువు కాలేదు. తలుపులు లోపలికి తెరుచుకునేవి కాబట్టే అంతమంది చనిపోయారనే మాట మీరు కచ్చితంగా వింటారు. అది నిజమని నమ్మని చరిత్రకారులున్నారు, అంత తేలిగ్గా తీసుకోకండి. నాకు తలుపుల కంటే ఆ తర్వాత జరిగిన సంగతే మనసులో నిలిచింది. ఊరి పెద్దలు పాతిక వేల డాలర్లు పోగు చేసి పంపితే, పిల్లల్ని పోగొట్టుకున్న కుటుంబాలు తీసుకోలేదు. డిసెంబరు 26న యూనియన్ అధ్యక్షుడు చార్లెస్ మోయర్‌ను హాన్‌కాక్ హోటల్లో కొట్టి, కాల్చి, గాయంతోనే ఈడ్చుకెళ్లి షికాగో రైలెక్కించారు.

1914 ఏప్రిల్‌లో ఓటింగ్ పెట్టి సమ్మె విరమించారు. ఎనిమిది గంటల పని వచ్చింది, కంపెనీ తనంతట తానే ఇచ్చినట్టు ఇచ్చింది. ఒంటి మనిషి డ్రిల్లు ఉండిపోయింది. పని కావాలంటే యూనియన్ కార్డు అప్పగించాలి. అదే ఏడాది జనవరిలో డెట్రాయిట్‌లో హెన్రీ ఫోర్డ్ రోజుకు 5 డాలర్లు ప్రకటించాడు. కుర్రవాళ్లు చాలామంది అటు పోయారు, మళ్లీ రాలేదు.

ఆ తర్వాత కథ నెమ్మదిగా కిందికి జారడమే. మొదటి ప్రపంచ యుద్ధం కొంత నిలబెట్టింది, యుద్ధం అయ్యాక రాగి ధర పడిపోయి 1921లో గనులు ఆపేశారు. మళ్లీ తెరిచారు, కంపెనీలను కలిపారు, మాంద్యం వచ్చింది. మొదట్లో దొరికిన ఆ రాతి పొర 1939లో మూతపడింది. 1968లో కంపెనీని యూనివర్సల్ ఆయిల్ ప్రొడక్ట్స్ కొన్నది. అదే ఏడాది మళ్లీ సమ్మె. ఈసారి కొత్త యజమాని బేరమాడలేదు, గనులే మూసేశాడు. పంపులు ఆగితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో మీ మైనింగ్ ప్రొఫెసర్లు చెప్తారు. 1910లో హోటన్ కౌంటీ జనాభా 88 వేలు. ఇప్పుడు 38 వేలు కూడా లేరు. క్యాలుమెట్ గ్రామంలో మిగిలింది ఏడు వందల లోపు.

మిగిలింది ఇంకొకటుంది. రాయిని పొడి చేసి రాగి తీసిన మిల్లులు లేక్ లిండెన్ వైపు టార్చ్ సరస్సు ఒడ్డున ఉండేవి. ఆ పొడంతా సరస్సులో పోశారు. దాదాపు 20 కోట్ల టన్నులు. 1986లో ప్రభుత్వం దాన్ని సూపర్‌ఫండ్ జాబితాలో, అంటే విషపు వ్యర్థాలు శుభ్రం చేయాల్సిన చోట్ల జాబితాలో చేర్చింది. లాభం బోస్టన్‌కు వెళ్లింది కదా, ఇసుక ఇక్కడే ఉంది. ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ పిల్లలు ఎలాగూ అక్కడికి ఫీల్డ్ ట్రిప్‌కు వెళ్తారు. శాంపిల్ సీసాలు నింపుకుని బస్సెక్కేయకుండా, అక్కడి నుంచి పది నిమిషాల దూరంలో ఉన్న కొండ ఎక్కితే ఆ ఇసుక ఏ ఊరి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

కాబట్టి నా విన్నపం. మీ తెలుగు విద్యార్థులు కొత్త బ్యాచ్‌కు ఓరియంటేషన్ పెడతారు, వాల్‌మార్ట్ ఎక్కడ, చలికోటు ఎక్కడ కొనాలి, బ్యాంకు ఖాతా ఎలా తెరవాలి అని చెప్తారు. అందులో ఒక శనివారం క్యాలుమెట్‌కు కేటాయించండి. మంచు పడకముందే వెళ్లండి. 1992 నుంచి అక్కడ జాతీయ చారిత్రక పార్కు ఉంది, కంపెనీ గ్రంథాలయ భవనం ఇప్పుడు వాళ్ల చేతిలోనే ఉంది. ఇటాలియన్ హాలును 1984లో కూల్చేశారు, వాకిలి కమాను ఒక్కటే నిలబెట్టారు. ఆకలేస్తే పాస్టీ తినండి, పిండిలో కూర చుట్టి కాల్చిన పెద్ద కజ్జికాయ లాంటిది. కార్న్‌వాల్ కూలీలు గనిలోకి పట్టుకెళ్లిన సద్ది అది. మామూలుగా లోపల బీఫ్ ఉంటుంది, తిననివాళ్లు ముందే అడగండి, కూరగాయలది కూడా దొరుకుతుంది. చప్పగా ఉంటుంది, పచ్చడి సీసా బ్యాగులో వేసుకోండి.

బండి లేనివాళ్లకు ఇంకొక దారుంది. మీరు అర్ధరాత్రి దాకా అసైన్‌మెంట్లు చేసుకునే వాన్ పెల్ట్ లైబ్రరీలోనే యూనివర్సిటీ ఆర్కైవ్స్ ఉంది. క్యాలుమెట్ అండ్ హెక్లా ఉద్యోగుల కార్డులు అందులో ఉన్నాయి. మనిషికో కార్డు. పేరు, ఏ దేశం, ఏ పని, ఎప్పుడు చేరాడు, ఎందుకు మానేశాడు. ఎఫ్‌1 వీసా తీసుకుని వచ్చినవాడికి ఆ గడులు ఎంత తెలిసినవో నేను చెప్పక్కర్లేదు. విద్యార్థి అని చెప్పి అడిగితే చూపిస్తారు. ఫిన్‌లాండ్ నుంచి వచ్చిన ట్రామర్ కార్డు ఒకటి, కార్న్‌వాల్ కెప్టెన్‌ది ఒకటి తీయించి, రెండిటినీ పక్కపక్కన పెట్టి చదవండి. ఆ తర్వాత మీకేమనిపించిందో కొత్త బ్యాచ్‌కు మీరే చెప్పండి.

మీ సీనియర్